రొమ్ము క్యాన్సర్ తర్వాత మళ్లీ చెట్టెక్కిన గీత కార్మికుడు: ఒక కేస్ స్టడీ

ఈ కేసు హనుమకొండలోని మా ఫిజియోథెరపీ కేంద్రానికి 2024 మార్చిలో వచ్చిన 57 ఏళ్ల గీత కార్మికుడిది. ఆయనది పరకాల వైపు ఒక పల్లె. ఎడమ రొమ్ముకు క్యాన్సర్ ఆపరేషన్ అయి మూడు వారాలైనా చేయి భుజం ఎత్తుకు కూడా లేవడం లేదని సర్జన్ మా దగ్గరికి పంపారు. ఆయన, ఆయన కుటుంబం అనుమతితోనే ఇది రాస్తున్నాను; మనిషిని గుర్తుపట్టే వీలున్న వివరాలు కొన్ని మార్చాను. ఈ వ్యాధికి శస్త్రచికిత్స ఎలా చేస్తారు, ఏ మందులు వాడతారు అన్నవి నా పరిధిలోనివి కావు కనుక వాటిని క్లుప్తంగా చెప్పి, ఒంటి మీద అంగీ లేకుండా, ఛాతీని చెట్టుకు ఆనించి బతికే మనిషి రోజువారీ పనులు ఈ వ్యాధి వల్ల ఎలా మారాయో, వాటిలో ఎన్ని తిరిగి చేతికొచ్చాయో వివరంగా రాస్తాను.

వ్యాధి, చికిత్స

రొమ్ము క్యాన్సర్లన్నింటిలో పురుషులకు వచ్చేవి సుమారు 1 శాతం మాత్రమే, అవి కూడా ఎక్కువగా 60 ఏళ్లు దాటిన వారిలోనే కనిపిస్తాయి. ఇంత అరుదు కావడం వల్ల రోగికీ, ఒక్కోసారి వైద్యుడికీ కూడా ఆ ఆలోచనే తట్టదు. ఈయన విషయంలో వృత్తి కూడా తోడై ఆలస్యం చేసింది. మోకు (చెట్టెక్కడానికి వాడే తాడు) వేసుకుని ఎక్కేటప్పుడు ఛాతీ, ముంజేతులు బెరడుకు రాసుకోవడం వల్ల గీత కార్మికుల ఒంటి మీద కాయలు కాయడం మామూలే. చనుమొన వెనుక గోలీకాయంత గట్టితనం తగిలినప్పుడు ఆయన దాన్ని అలాగే అర్థం చేసుకున్నారు. "చెట్టుకు రాసుకుని కాయ కాసిందనుకున్న సారూ. నొప్పి లేదు, తీపు లేదు. నొప్పి లేనిదానికి దవఖాన ఎందుకని ఊకున్న" అన్నారు. నిజానికి పురుషుల్లో ఈ వ్యాధి సాధారణంగా కనిపించే తీరు అదే: చనుమొన కింద, నొప్పి లేని గట్టి గడ్డ. దాదాపు ఏడాది తర్వాత చనుమొన లోపలికి పోయి, తువ్వాలుకు నెత్తురు మరక అంటడంతో భార్య పట్టుబట్టి ఆస్పత్రికి తీసుకొచ్చారు.

అల్ట్రాసౌండ్, మామోగ్రామ్, సూది బయాప్సీ తర్వాత ఇన్వేసివ్ డక్టల్ కార్సినోమా అని తేలింది. పురుషుల్లో పాల గ్రంథులు ఎదగవు కాబట్టి, వారికి వచ్చే క్యాన్సర్లు చాలావరకు నాళాల్లో మొదలయ్యే ఈ రకానివే. ఈస్ట్రోజన్, ప్రొజెస్టిరాన్ గ్రాహకాలు రెండూ పాజిటివ్, అంటే ఆ హార్మోన్ల వల్ల గడ్డ పెరిగే రకం; క్యాన్సర్ పెరుగుదలకు తోడ్పడే హెర్2 అనే ప్రొటీన్ మాత్రం నెగెటివ్. పురుషుల కేసుల్లో పదింట తొమ్మిదికి పైగా ఈస్ట్రోజన్ గ్రాహకం ఉన్నవే. బయాప్సీ రిపోర్టు మీద ఒక ల్యాబ్ అలవాటు కొద్దీ "స్త్రీ" అని టైపు చేసింది. ఆధార్ కార్డులో పురుషుడు, రిపోర్టులో స్త్రీ కావడంతో కాగితాలు సరిచేయించుకోవడానికి ఆయన కొడుకు మళ్లీ మళ్లీ తిరగాల్సి వచ్చింది. ఆ పొరపాటు చిన్నదే, కానీ ఇంట్లో వాళ్లు తప్ప ఎవరికీ చెప్పుకోని జబ్బును కౌంటర్ దగ్గర నలుగురి ముందు గట్టిగా చదివి వినిపించడం ఆయనకు గడ్డకన్నా ఎక్కువ బాధ పెట్టింది.

2024 ఫిబ్రవరిలో ఎడమ రొమ్మును, చంకలోని లింఫ్ గ్రంథులను తొలగించారు. గడ్డ 3.2 సెంటీమీటర్లు; తీసిన 16 గ్రంథుల్లో మూడింటికి క్యాన్సర్ పాకింది. తర్వాత ఏప్రిల్ నుంచి సెప్టెంబరు దాకా కీమోథెరపీ, అక్టోబరులో హైదరాబాద్‌లో రేడియేషన్, నవంబరు నుంచి రోజుకు 20 మిల్లీగ్రాముల టామోక్సిఫెన్ మాత్ర (రొమ్ము క్యాన్సర్ కణాల మీద ఈస్ట్రోజన్ ప్రభావాన్ని అడ్డుకునే మందు). ఈ మాత్రను కనీసం ఐదేళ్లు వాడాలి.

మొదటి పరీక్షలో తేలినవి

ఎడమ భుజాన్ని ముందుకు ఎత్తితే 95 డిగ్రీలు, పక్కకు ఎత్తితే 80 డిగ్రీల దగ్గర ఆగిపోయింది. చంక నుంచి మోచేతి మడత దాకా చర్మం కింద రెండు తీగలు బిగిసినట్టు కనిపించాయి. లింఫ్ నాళాలు గట్టిపడి ఇలా తాళ్లలా తేలడం చంక గ్రంథులు తీసిన వారిలో తరచుగా చూస్తాం. పురుషుల ఛాతీ మీద చర్మం వదులుగా ఉండదు కనుక కుట్టు బిగుతుగా పడుతుంది. ఈయన మచ్చ కింది పక్కటెముకలకు అతుక్కుని, ఊపిరి పీల్చినప్పుడల్లా లాగుతోంది. చేతి లోపలి వైపు, చంక నుంచి మోచేయి దాకా, స్పర్శ దాదాపు లేదు. ఆ నరం చంక మధ్యలోంచి పోతుంది కాబట్టి ఆపరేషన్‌లో అది దెబ్బతినడం కొత్తేమీ కాదు. అయితే దాని పర్యవసానం ఏమిటన్నది వృత్తిని బట్టి ఉంటుంది. ఆఫీసులో కూర్చునే వారికి అది చిన్న అసౌకర్యం. తాటిమట్టల మధ్య చేయి పెట్టే మనిషికి మాత్రం అది ప్రమాదం.

చేయి పనితీరును కొలవడానికి మేము వాడే డాష్ ప్రశ్నావళిలో 30 ప్రశ్నలుంటాయి. 0 నుంచి 100 దాకా, ఎక్కువ వస్తే ఇబ్బంది ఎక్కువని లెక్క. ఆయనకు 61 వచ్చింది. రొమ్ము క్యాన్సర్ రోగుల జీవన నాణ్యత కోసం ప్రత్యేకంగా తయారైన ప్రశ్నావళులు కూడా ఉన్నాయి, కానీ అవి స్త్రీలను దృష్టిలో పెట్టుకుని రాసినవి. ప్రపంచమంతా వాడే ఒకదానిలో, ఈ జబ్బు వల్ల స్త్రీత్వం తగ్గినట్టు అనిపిస్తోందా అనే ప్రశ్న ఉంది. దాన్ని పక్కన పెట్టి, రోగి తనకు కష్టమైన పనులు తానే చెప్పి, ఒక్కోదానికి సున్నా నుంచి పది దాకా మార్కు వేసుకునే పద్ధతిని ఎంచుకున్నాను. సున్నా అంటే అసలు చేయలేకపోవడం, పది అంటే జబ్బుకు ముందులాగే చేయగలగడం. ఆయన మూడు పనులు చెప్పారు. మొదటిది చెట్టెక్కడం, రెండోది కల్లు క్యాన్లు బండికి కట్టుకుని మండువకు (కల్లు అమ్మే చోటికి) తేవడం. మూడోది చెప్పడానికి కొంతసేపు తటపటాయించి, "మండువల అంగి ఇడిసి కూసునుడు" అన్నారు. మూడింటికీ సున్నాలే పడ్డాయి.

ఆ మూడో పని భుజానికి సంబంధించింది కాదు. పదహారేళ్ల వయసు నుంచి గోచీ, తువ్వాలుతోనే పని చేసి, ఎండాకాలం సాయంత్రాలు అలాగే మండువలో కూర్చుని పదిమందితో మాట్లాడే మనిషి ఆపరేషన్ తర్వాత కాలరు దాకా గుండీలు పెట్టుకుని ఇంట్లో కూర్చున్నారు. పురుషుడికి రొమ్ము పోయినంత మాత్రాన ఏమవుతుందిలే అనుకోవడం చికిత్స చేసే వాళ్లలో కూడా ఉంది. స్త్రీలు రవికె, చీర కొంగు కింద దాచుకునే అవకాశం ఉన్న మచ్చను, మన పల్లెల్లో పొలం పనిలోనూ చెరువు దగ్గరా ఇంటి ముందూ ఒంటి మీద బట్ట లేకుండా తిరిగే మగవాడు దాచుకోలేడు.

రేడియేషన్ లోపు చేసిన పని

మొదటి లక్ష్యాన్ని రేడియేషనే నిర్ణయించింది. రేడియేషన్ బల్ల మీద చేతిని తలపైకి ఎత్తి కదలకుండా ఉంచగలగాలి. 80 డిగ్రీల భుజంతో అది కుదరదు. మచ్చకు మర్దన, తీగలను మెల్లగా సాగదీయడం, గోడ మీద వేళ్లతో పాకించడం, ఊపిరి వ్యాయామాలు మొదలుపెట్టాం. ఇంట్లో చేయమని ఇచ్చిన వ్యాయామాలు మొదట్లో సరిగా సాగలేదు. రబ్బరు పట్టీ పట్టుకుని లాగడం ఆయనకు పిల్లలాటలా అనిపించింది. అప్పుడు పాత మోకును తెప్పించి, ఇంటి ముందున్న వేప చెట్టుకు చుట్టి, నేల మీదే నిలబడి రెండు చేతులతో మోకును పైకి ఎగరేసే కదలికను చేయించాను. మోకు పైకి జరపాలంటే రెండు భుజాలు సమంగా ముందుకు లేవాలి, వీపు వెనక్కి వాలాలి, మణికట్టు ఒక్కసారిగా విదలాలి. అంటే మాకు కావలసిన కదలికలన్నీ అందులోనే ఉన్నాయి. దాన్ని మొదట నడుము ఎత్తులో, తర్వాత ఛాతీ ఎత్తులో, ఆ తర్వాత తల ఎత్తులో చేయించాం. ఆ రోజు నుంచి వ్యాయామం చేయమని ఆయనకు ఎవరూ గుర్తు చేయాల్సిన అవసరం రాలేదు. సెప్టెంబరు చివరికి భుజం ముందుకు 150, పక్కకు 140 డిగ్రీలు లేచింది. కాజీపేటలో రైలెక్కి హైదరాబాద్ వెళ్లి, ఉప్పల్‌లో బంధువుల ఇంట్లో ఉండి రేడియేషన్ పూర్తి చేసుకున్నారు.

ఈలోగా కీమోథెరపీ ఇంకో సమస్యను తెచ్చింది. పాక్లిటాక్సెల్ అనే మందు చేతివేళ్ల చివరలు, అరికాళ్లలోని నరాలను దెబ్బతీసి తిమ్మిరి కలిగిస్తుంది. ఆయన గుండీలు పెట్టుకోలేకపోయారు. చెప్పు కాలి నుంచి జారిపోయినా తెలిసేది కాదు. గీత కత్తి అంచును బొటనవేలితో చూసుకుని పదును చెప్పే మనిషికి, అరికాలు బెరడును ఎక్కడ పట్టిందో చూడకుండానే తెలిసే మనిషికి ఇది భుజం కన్నా పెద్ద అడ్డంకి అయింది. భుజం తయారైనా పాదాలకు స్పర్శ తిరిగి వచ్చేదాకా చెట్టెక్కవద్దని గట్టిగా చెప్పాను. అరికాలిలో పది చోట్ల నైలాన్ పోగుతో పరీక్షించి, అన్ని చోట్లా తెలుస్తోందని నిర్ధారించుకున్నాకే అనుమతిస్తానన్న షరతును ఆయన అయిష్టంగానే ఒప్పుకున్నారు. అప్పటికి వారి ఇంట్లో ఆదాయం అంటే కొడుకు ఎక్కే చెట్లు, 50 ఏళ్లు దాటిన గీత కార్మికులకు ప్రభుత్వం నెలకు ఇచ్చే 2,016 రూపాయల పింఛను. "ఆయిన చెట్టెక్కకుంటె ఇంట్ల ఉండలేడు సారూ, ఉంటె నన్ను ఉండనియ్యడు" అని భార్య నవ్వుతూనే అన్నా, అందులో ఇల్లు గడవడం గురించిన బెంగ కూడా ఉంది.

వాపు, స్లీవ్, ఎండాకాలం

డిసెంబరులో ఎడమ ముంజేయి బరువెక్కింది. మోచేతికి 10 సెంటీమీటర్ల కింద కొలిస్తే కుడి చేతి కన్నా 2.4 సెంటీమీటర్లు ఎక్కువ ఉంది. కుడిచేతి వాటం వారికి కుడి చేయే కొంత లావుగా ఉంటుంది కాబట్టి అసలు తేడా ఇంకా ఎక్కువే అనుకోవాలి. ఇది లింఫెడీమా: చంక గ్రంథులు పోవడంతో ద్రవం తిరిగి వెళ్లే దారి తగ్గి చేతిలో నిలిచిపోవడం. ఊళ్లో మాత్రం అది బోదకాలు లాంటిదే, చేతికి వచ్చిందన్నారు. బోదకాలు మన వైపు కొత్త కాదు కనుక ఆ అనుమానం సహజమే. ఒక బంధువు ఆ మాత్రలు కూడా తెచ్చి ఇచ్చారు. రెండింటిలోనూ లింఫ్ ప్రవాహమే దెబ్బతింటుంది, కానీ బోదకాలు పురుగు వల్ల వచ్చేది, ఇది గ్రంథులు తీసేయడం వల్ల వచ్చింది, ఆ మాత్రలతో దీనికి పనిలేదు అని కూర్చోబెట్టి చెప్పాక ఆ పొట్లాన్ని నాకు ఇచ్చేశారు.

పొరలు పొరలుగా కట్లు కట్టి, చేతి మర్దనతో ద్రవాన్ని పైకి నడిపించి తేడాను 0.9 సెంటీమీటర్లకు తెచ్చాం. తర్వాత కొలత తీసి కంప్రెషన్ స్లీవ్ ఇచ్చాం. దాని ఖర్చు ఆయన జేబు నుంచే పోయింది. సాగిపోతుంది కాబట్టి ఆరు నెలలకోసారి మార్చాలి కూడా. చలికాలంలో పేచీ లేకుండా వేసుకున్నారు. ఏప్రిల్ వచ్చేసరికి, వరంగల్ ఎండలకు తోడు టామోక్సిఫెన్ వల్ల ఒంట్లోంచి ఎగదన్నే వేడి ఆవిర్లు మొదలయ్యాయి. ముఖం, మెడ ఒక్కసారిగా కాలి, చెమటలు కారి, వెంటనే చలి పుట్టడం మెనోపాజ్ దాటిన స్త్రీలు బాగా ఎరిగిన అనుభవం. ఆయన దాన్ని ఎండదెబ్బ అనుకుని మజ్జిగ తాగుతూ గడిపారు. ఆ పరిస్థితిలో పొద్దంతా స్లీవ్ వేసుకోమనడం నాకే సబబుగా తోచలేదు. పనిలో ఉన్నంతసేపు, అంటే తెల్లవారుజామున ఎక్కేటప్పుడూ సాయంత్రం ఎక్కేటప్పుడూ తప్పనిసరి. మధ్యాహ్నం తీసేసి, చేతిని దిండు మీద ఎత్తుగా పెట్టుకుని పడుకోవడం అని ఒప్పందానికి వచ్చాం. పుస్తకంలో రాసినంతసేపు వేసుకోమని పట్టుబడితే ఆయన అసలు వేసుకోకుండా పోయేవారని నా నమ్మకం.

మళ్లీ చెట్టు మీదికి

బరువు పని చేస్తే లింఫెడీమా ముదురుతుందని ఒకప్పుడు గట్టిగా చెప్పేవారు. 2009లో అచ్చయిన ఒక పెద్ద పరిశోధనలో, లింఫెడీమా ఉన్న స్త్రీలు క్రమంగా పెంచుకుంటూ బరువులు ఎత్తినా వాపు పెరగలేదని తేలింది. అది పురుషుల మీద చేసింది కాదు, చెట్టెక్కడం గురించి అంతకన్నా కాదు. అయినా పెరుగుదల నెమ్మదిగా, కొలత వెంట ఉంటే భయపడనక్కర్లేదన్న సూత్రాన్ని అక్కడి నుంచి తీసుకున్నాను. 2025 జనవరికి పాదాల స్పర్శ తిరిగి రావడంతో ఈత చెట్లతో మొదలుపెట్టించాం. అవి పొట్టివి, పడినా ప్రాణాపాయం తక్కువ. తాటిచెట్లకు మాత్రం చెట్టు మీంచి పడకుండా కాపాడేందుకు 2024 జూలైలో ప్రభుత్వం ప్రారంభించిన కాటమయ్య రక్ష కిట్ లేకుండా ఎక్కకూడదని చెప్పాను. ఆయన శిక్షణ తీసుకుని కిట్ తెచ్చుకున్నాక, పట్టీలు మచ్చ మీద పడకుండా ఎలా బిగించుకోవాలో ఇంటి ముందు నేల మీదే చూసుకున్నాం.

రేడియేషన్ తగిలిన చర్మం పలచబడి, తొందరగా చిట్లుతుంది. స్త్రీలకు ఆకారం కోసం లోపల పెట్టుకునే కృత్రిమ రొమ్ము ఇస్తాం; ఈయనకు కావలసింది ఆకారం కాదు, బెరడుకూ పక్కటెముకలకూ మధ్య అడ్డు. పరకాలలో ఒక దర్జీ చేత బనీనుకు లోపల నూలు గుడ్డ మధ్య పలచటి స్పాంజి పెట్టి కుట్టించారు. అది బాగా పనిచేసింది. ఇంకో మేలు కూడా జరిగింది: చెట్టు మీద బనీను ఎందుకు వేసుకున్నావని అడిగే వారికి "డాక్టరు ఏసుకొమ్మన్నడు" అని చెప్పడానికి ఆయనకు ఒక మాట దొరికింది.

వానాకాలంలో ఒకసారి చేయి ఎర్రబడి, చలిజ్వరంతో వచ్చారు. చూస్తే చేతి లోపలి వైపు బెత్తెడు పొడవున గీరుకున్న గాయం, అంచులు వాచి ఉన్నాయి. తాటిమట్ట అంచున రంపపు పళ్లుంటాయి. అవి గీసుకున్న సంగతి స్పర్శ లేని ఆ చోట ఆయనకు తెలియనే లేదు, రెండు రోజుల తర్వాత భార్య చూశారు. లింఫెడీమా ఉన్న చేతిలో ఇన్‌ఫెక్షన్ వేగంగా పాకుతుంది కనుక అదే రోజు ఆస్పత్రికి పంపితే, యాంటీబయాటిక్‌లతో తగ్గింది. ఆ తర్వాత నుంచి చెట్టు దిగగానే చేయిని సబ్బుతో కడిగి, లోపలి వైపు భార్య చేత చూపించుకోవడం వారి దినచర్యలో భాగమైంది.

మాత్ర మానేసిన సంగతి

వేసవి మధ్యలో ఒక రోజు వ్యాయామం ముగిశాక, భార్య బయట కూర్చున్నప్పుడు ఆయన అడిగారు: "మందు మింగవట్టినంక ఆలుమొగల ముచ్చటనే లేదు సారూ. గిది మందు పనా, నా పనే అయిపోయిందా?" డాష్ ప్రశ్నావళిలో దాంపత్య జీవితం గురించి ఒక ప్రశ్న ఉంది. మొదటిసారి ఆయన దానికి జవాబు ఇవ్వలేదు. రెండోసారి కూడా ఖాళీగానే వదిలేశారు. టామోక్సిఫెన్ వల్ల పురుషుల్లో కోరిక తగ్గడం, అంగస్తంభన సమస్యలు, దిగులు, బరువు పెరగడం కనిపిస్తాయని, ఇది మందు పని కావచ్చని చెప్పాను. అప్పుడు ఆయన మెల్లగా, కొన్ని వారాలుగా మాత్ర వేసుకోవడం లేదని బయటపెట్టారు. ఈ కారణాలతోనే మధ్యలో మానేసే పురుషులు తక్కువేమీ కాదు, అలా మానేస్తే క్యాన్సర్ తిరగబెట్టే ముప్పు పెరుగుతుంది.

నేను సలహా ఇవ్వగలిగిన విషయం కాదు కాబట్టి ఆంకాలజిస్టు (క్యాన్సర్ వైద్యుడు) దగ్గరికి భార్యాభర్తలిద్దరినీ పంపాను. వేడి ఆవిర్లకు ఆ వైద్యుడు వెన్లాఫాక్సిన్ అనే మందు రాశారు. దిగులుకు వాడే మందుల్లో ఫ్లూఆక్సెటిన్, పారాక్సెటిన్ లాంటివి టామోక్సిఫెన్ పనిని తగ్గిస్తాయి కనుక ఊళ్లో ఎవరు ఏ మాత్ర ఇచ్చినా తనకు చూపించమన్నారు. ఈ మాత్ర వల్ల కాలి సిరల్లో రక్తం గడ్డకట్టే ప్రమాదం కొంత ఉందని కూడా చెప్పారు. చెట్టెక్కే వారికి పిక్క నొప్పి రోజూ ఉండేదే కాబట్టి, ఒక్క కాలే వాచి నొప్పి పుడితే అది చెట్టు నొప్పి కాదని నేను విడిగా మళ్లీ గుర్తు చేశాను. ఆవిర్లు తగ్గాయి, మాత్ర తిరిగి మొదలైంది. దాంపత్య సమస్య మాత్రం పూర్తిగా తీరలేదు. కారణం తెలిశాక "నా పని అయిపోలేదు" అన్న ధైర్యం వచ్చిందని మాత్రం అన్నారు. కల్లు తాగవచ్చా అని ప్రతిసారీ అడిగేవారు. కాలేయం దెబ్బతింటే ఒంట్లో ఈస్ట్రోజన్ పెరుగుతుందని, మానేస్తేనే మంచిదని చెప్పాను. రుచి చూడకుండా అమ్మడం ఎట్లా అని ఆయన ఎదురు ప్రశ్న. తాగడం తగ్గింది, ఆగలేదు.

ఏడాదిన్నర తర్వాత

2025 సెప్టెంబరులో డాష్ 24కు దిగింది. భుజం ముందుకు 165, పక్కకు 155 డిగ్రీలు. చెట్టెక్కడానికి ఆరు, కల్లు తేవడానికి ఎనిమిది మార్కులు వేసుకున్నారు. ఎత్తయిన తాటిచెట్లను కొడుకుకు వదిలి, ఈత చెట్లు, కొన్ని పొట్టి తాటిచెట్లు తాను గీస్తున్నారు. మండువలో అంగీ విప్పి కూర్చోవడానికి రెండు మార్కులే. బనీనుతో కూర్చుంటున్నారు గానీ దాన్ని విప్పడం లేదు. మా కేంద్రంలో ఆ రెండును నాలుగు చేసే వ్యాయామం లేదు. ఇదే ఆపరేషన్ అయిన ఇంకో మగవాడితో ఒక్కసారి మాట్లాడగలిగితే బాగుండేదని ఆయన అడిగారు. అలాంటి మనిషిని ఈ చుట్టుపక్కల ఇంకా వెతుకుతున్నాం.

పురుషుల్లో రొమ్ము క్యాన్సర్ వస్తే వయసుతో నిమిత్తం లేకుండా జన్యు పరీక్షకు పంపడం ఇప్పుడు పద్ధతి. ఆయన మేనత్త రొమ్ములో పుండుతో పోయిందని ఇంట్లో చెప్పారు. పరీక్షలో బీఆర్‌సీఏ2 అనే జన్యువులో, రొమ్ము క్యాన్సర్ ముప్పును పెంచే లోపం బయటపడింది. ఈ లోపం ఉన్న పురుషులకు ప్రోస్టేట్ క్యాన్సర్ ముప్పు కూడా ఎక్కువ కనుక ఆయనకు ఆ పరీక్షలు మొదలయ్యాయి. పిల్లల్లో ఒక్కొక్కరికీ ఇది సంక్రమించే అవకాశం 50 శాతం. ఇద్దరు కూతుళ్లు పరీక్ష చేయించుకున్నారు, పెద్దమ్మాయికి లోపం ఉందని తేలి ఆమె ఏటా ఎంఆర్ఐ, మామోగ్రామ్ చేయించుకునే పర్యవేక్షణలో చేరింది. కొడుకు మాత్రం "గది ఆడోళ్ల పరీక్ష" అంటూ ఇంకా రాలేదు. వచ్చే సందర్శనకు అతన్ని వెంట తీసుకురమ్మని తండ్రికే చెప్పాను.